ముసలికి ముప్పు లేదు

వనపర్తి, బాలికల హాస్టల్
మార్చి 3, 2025, సోమవారం

గోవర్ధన్ మామకు,

ఈ రోజు మొదటి వింత పొద్దున తొమ్మిదిన్నరకే జరిగింది. జువాలజీ చెప్పే ఎస్తేరు మేడమ్ క్లాసులోకి వచ్చి, హాజరు కూడా పిలవకుండా బోర్డు మీద ఒకే ఒక ప్రశ్న రాశారు: ‘ముసలి జాతి ముందు పోతుందా, పసి జాతి ముందు పోతుందా?’ అరవై మందిమీ ఒకే గొంతుతో ‘ముసలిదే మేడమ్’ అన్నాం. ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టి, “మీకెవరు చెప్పారు?” అన్నారు. ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే మేమంతా దాన్ని నమ్ముతున్నాం!

ఇక్కడ ఫోన్ ఉంచుకోనివ్వరని నీకు తెలుసు కదా. ఆదివారం వార్డెన్ మేడమ్ ఫోన్‌లో మాట్లాడే మూడు నిమిషాలు ‘తిన్నవా, పండుకున్నవా’ అనడానికే సరిపోతాయి. అందుకే ఉత్తరం. నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే, కాబట్టి చదివే బాధ కూడా నీదే.

జాతికి వయసేమిటి అనుకుంటున్నావా? ఒక జాతి రెండుగా చీలిన నాడు కొత్త జాతి పుట్టినట్టు. ఆ చీలిక నుంచి ఇప్పటిదాకా గడిచిన లక్షల ఏళ్ళే దాని వయసు. మనిషి ముసలివాడైతే మోకాళ్ళు అరుగుతాయి, చూపు మందగిస్తుంది. జాతికి అరగడానికి మోకాళ్ళు లేవు, ప్రతి తరంలోనూ మళ్ళీ కొత్త పిల్లలే. యాభై ఏళ్ళ కింద ఒక శాస్త్రవేత్త రాళ్ళలో మిగిలిన ప్రాణుల గుర్తులు లెక్కపెట్టి చూస్తే, ముసలి జాతులూ పసి జాతులూ దాదాపు ఒకే తీరున అంతరిస్తున్నట్టు తేలిందట. పక్కనున్న ప్రాణులూ వానలూ ఎండలూ ఎప్పటికప్పుడు మారుతుంటాయి. నిన్నటి గెలుపు ఇవాళ్టికి పనికి రాదు. తర్వాత వచ్చినవాళ్ళు కొందరు, పసి జాతులే ముందు పోతాయన్నారు. కొత్త జాతి తక్కువ చోట, తక్కువ సంఖ్యలో ఉంటుంది కదా! ఇది ఇంకా తేలలేదు మామా. తేలని సంగతి ఒకటి నా పాఠంలో ఉందని తెలిసి ఎంత సంతోషం వేసిందో!

అంతా కలిపి ఒక్క వాక్యంలో రాయాలని సాయంత్రం దాకా కూర్చున్నాను. చివరికి ఇలా కుదిరింది: ‘ముసలి జాతికి ముప్పేమీ ఎక్కువ లేదు, పసివే ముందు పోతాయి.’ వాక్యం నాకు నచ్చి కింద గీత కూడా గీశాను, చూడు.

ఏప్రిల్‌లో నాగర్‌కర్నూల్‌లో విద్యార్థుల సదస్సు ఉంది. దీని మీద నేను పత్రం చదవాలి. మన ఏటి ఒడ్డున ముసలి ఏదైనా ఉంటే దాని సంగతులు రాసి పంపు.

నీ అమూల్య

*

ఇటిక్యాల
మార్చి 11, మంగళవారం

బిడ్డా అమూల్యా,

నీ ఉత్తరం అందింది. నీ తీరుగ పుస్తకం భాష నాకు రాదు, నోటికి ఎట్లొస్తే గట్ల రాస్త.

ముసలి మీద కాలేజీల పాఠం చెప్తరని ఇన్నేండ్లకు తెల్సింది. ఏటి ఒడ్డున పుట్టి దాని పక్కపొంటి బతికినోళ్ళం, మమ్మల్ని ఒక్కడు గూడ అడుగలే. నువ్వు అడిగినవు. మస్తు సంబురమయింది.

చౌరస్తా హోటల్ కాడ అందరికి చదివి వినిపించిన. గీత గీసిన కాడ రెండుసార్లు చదివిన. మన పక్కచేను ఉమేష్ చాయ్ గిలాస కింద పెట్టి, “యాడున్నది, ఏదీ సూపియ్యి,” అన్నడు. వానికి నీ అక్షరం మీద వేలు పెట్టి సూపిచ్చిన.

“దానికేం ముప్పుంటది? పోయినేడు నా దూడను కాలు వట్టి గుంజుకపోయింది. ముప్పు మనకుంటది,” అన్నడు. అందరు నవ్విండ్రు. వాడు నవ్వలే.

ఇంటికొచ్చి మీ అమ్మమ్మకు గూడ చదివిన. “నాకు ముప్పు లేదని రాసిందా? బంగారు పిల్ల,” అని మురిసిపోయింది. ఆమెకు చెవులు సరిగ్గ వినవడవు గదా. ముసల్ది మురుస్తుంటే మళ్ళ సర్దిచెప్పుడెందుకని ఊకున్న.

ఒక్కటి మాత్రం తప్పు రాసినవు. మోకాళ్ళు లేవన్నవు. ఉంటయి. ఒడ్డెక్కి పొట్ట పైకి లేపి నడిచేటప్పుడు చూడాలె, నాలుగు కనవడ్తయి. పసివి ముందు పోతయన్నది మాత్రం ఖరారు. గుడ్డు పగిలి బయటికొచ్చుడే ఆలస్యం, కొంగలు ఎత్తుకపోతయి. వనపర్తిల కూసొని గవన్ని ఎట్ల పట్టినవే?

మన ఒడ్డున ఉన్నదా అని అడిగినవు. ఉన్నది. మోటరు కాడ ఇసుక దిబ్బ మీద నోరు తెరుచుకొని ఎండ కాగుతది. నేను పోతే నీళ్ళల్లకు జారుతది. మేమిద్దరం రెండేండ్ల సంది గట్లనే నడుపుకుంటున్నం.

ఒక సంగతి ఉన్నది. ఇన్నాళ్ళు మనసు ఒప్పక వద్దంటూ వచ్చిన. ముప్పు లేదని నువ్వు రాసినంక ధైర్యమొచ్చింది. ఇగ ఆగను. పని అయినంక రాస్త.

మీ మామ
గోవర్ధన్

*

వనపర్తి
మార్చి 17, సోమవారం

మామా, మామా,

మెస్‌లో భోజనం పళ్ళెం ముందే నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే, పక్కనున్న తేజస్విని నా వీపు మీద చరిచింది, మెతుకు అడ్డం పడిందనుకుని.

నేను రాసింది ‘ముసలి’. అంటే వయసు మళ్ళినది. నువ్వు చదివింది ‘మొసలి’. నేను పెట్టింది కొమ్ము, నువ్వు చదివింది ఒత్వం! మన ఊళ్ళో రెండింటినీ ఒకే నోటితో ‘ముసలి’ అంటాం కదా, అందుకే నీకు అనుమానం కూడా రాలేదు. సరిగ్గా అర్థం చేసుకున్నది అమ్మమ్మ ఒక్కతే. ఆమె చెవులను ఏమీ అనకు.

నీ ఉత్తరం ఎస్తేరు మేడమ్‌కు చూపించాను. మోకాళ్ళ మాట చదివే దగ్గర ఆమె కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఉన్నట్టుండి, “అయితే చెప్పు, మొసలి ముసలిదేనా?” అన్నారు. నేను గబుక్కున “అవును మేడమ్, రాక్షసబల్లుల కాలం నాటిది” అన్నాను. “అది వంశం వయసు. నేనడిగింది జాతి వయసు,” అన్నారు.

ఆ రెండు మాటల మధ్య ఇంత దూరం ఉందని నాకు తెలియదు. మొసళ్ళ వంశం చాలా పాతది. కానీ మన కృష్ణలో తిరిగే మొసలి, ఆ వంశంలో విడిగా ఒక జాతి అయి కోటి ఏళ్ళు కూడా కాలేదని అంటారట. పేరు పాతది, ప్రాణి కొత్తది. నా ఇంటిపేరు ఎప్పటిదో, నేను నిన్నటిదాన్ని. అలాగన్నమాట. పాత మొహం చూసి పాత జాతి అనుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది.

ఇప్పుడు నా పత్రం మన ఒడ్డు మొసలి మీదే. నువ్వు తప్పు చదవకపోతే ఇది నాకు తట్టేది కాదు. మేడమ్ ఒక మాట కూడా చెప్పారు, ఈ మొసలి ముప్పున్న జాతుల జాబితాలో ఉందట. అది విన్నప్పటి నుంచి నీ ఉత్తరం చివర మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను.

‘ఇగ ఆగను, పని అయినంక రాస్త’ అన్నావు. ఏం పని మామా? వెంటనే రాయి.

అమూల్య

*

ఇటిక్యాల
మార్చి 25, మంగళవారం

అమూల్యా,

నీ ఉత్తరం చదివితే నాకు నవ్వు రాలే.

మోటరు కాడి దిబ్బల మొసలి గుడ్లు పెట్టింది. పోయినేడు గూడ పెట్టింది. తవ్వి పారేద్దామని ఉమేష్ అప్పుడే అన్నడు. ఆ దిబ్బ ఉన్న చేను నేను కౌలుకు చేస్తున్న, అందుకే వద్దంటే నా మాట చెల్లింది. ఈ యేడు మళ్ళ అడిగిండ్రు, మళ్ళ వద్దన్న. గప్పుడు నీ ఉత్తరమొచ్చింది. ముప్పు లేదంటే ఇంకా చానా ఉన్నట్టే గదా, ఒక్క గూడు పోతే ఏం పోతది అనుకున్న.

పదమూడో తారీకు పొద్దుగాల గడ్డపార నేనే పట్టిన. ఉమేష్ తవ్వుతనన్నడు. నా చేను, నేనే తవ్వుత అన్న. ఇరవై ఏడు గుడ్లు. బాతుగుడ్డు కంటె జర పెద్దయి. కుక్కలొచ్చినయి. మిగిలింది రాయ చేతనైతలేదు.

తల్లి మూడు దినాలు ఆ గుంత కాడనే పండుకున్నది. మోటరు ఎయ్యబోతే నీళ్ళల్లకు జారలే. నా మీదికి గూడ రాలే. ఊరికె చూసింది.

నీ మీద పెడుతలేను బిడ్డా. అక్షరం జర నిమ్మలంగ చూసేది నేను. మీ అత్త సంధ్య పదిరోజుల సంది నాతోని మాట్లాడుతలేదు. అన్నం పెడ్తది, పోతది.

ఇంకొకటి ఉన్నది, ఎవ్వరికి చెప్పలే. కిందికి, ఈతచెట్ల అవుతల ఇంకో గూడున్నది. అది వేరే తల్లి. శివరాత్రి ఎల్లిన రెండోనాడు అక్కడ ఇసుక మీద తోక గీత చూసిన, అప్పుడు ఏందో తెల్వలే. ఇప్పుడు తెల్సింది. ఉమేష్ ఇంకా చూడలే. చూసిండంటే ఆగడు. మొన్న నేనే తవ్విన, ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని వద్దనాలె?

ఏం చెయ్యాలెనో చెప్పు. ఈసారి పెద్దక్షరాలల్ల రాయి.

గోవర్ధన్

*

వనపర్తి
మార్చి 29, శనివారం

మామా,

ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు ఏడవడం లేదు, కాబట్టి నువ్వు కూడా ధైర్యంగా చదువు.

తప్పు ఒత్వానిది కాదు. నువ్వు సరిగ్గా చదివి ఉన్నా నా వాక్యం తప్పే. నేను చెప్పిన లెక్క వేల జాతులది, కోట్ల ఏళ్ళది. ఆ సగటు పట్టుకుని ఒక ఒడ్డున, ఒక ఏడాది, ఒక ప్రాణికి ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా అది తేలని సంగతి అని నేనే రాసి, కింద తేలిపోయినట్టు గీత గీశాను. వాక్యం అందంగా కుదిరిందని దాన్ని నమ్మాను. ఇకముందు అలా నమ్మను.

వంశం ఎంత పాతదైనా అది నిలబడేది గూళ్ళ మీదే. ప్రతి గూటి వయసూ రెండు నెలలే. రాక్షసబల్లులు పోయినా మిగిలిన వంశం గడ్డపార ముందు ఎంతసేపు నిలిచిందో నువ్వే చూశావు.

ఇక చేయాల్సింది. గుడ్లను ముట్టుకోవద్దు, వేరే చోటికి మార్చాలని కూడా అనుకోవద్దు. గుడ్డును పక్కకు తిప్పినా లోపలి పిల్ల చచ్చిపోవచ్చని మేడమ్ చెప్పారు. గద్వాలకు వెళ్ళి అటవీ శాఖ ఆఫీసులో జరిగింది జరిగినట్టు చెప్పు. మొదటి గూడు సంగతి కూడా చెప్పు. చట్టం ఒప్పుకోని పని చేశాం, వాళ్ళు కోప్పడతారు. పడనీ.

అన్నిటికంటే ముందు ఉమేష్ మామకు నువ్వే చెప్పు. దాచిన గూడు దొరికితే ఆయన తవ్వుతాడు. మనమే చూపించిన గూడైతే ఆయనతో మాట్లాడవచ్చు. ఆయన దూడ పోయింది. అది చిన్న సంగతి కాదు. నా మొదటి ఉత్తరంలో వేల జాతులు ఉన్నాయి, ఆ దూడ మాత్రం లేదు.

హోటల్ దగ్గర చదవడానికి వేరే కాగితం పెట్టాను. ‘మొసలి’ అన్న చోటల్లా ఒత్వం ఎర్ర సిరాతో పెట్టాను. శివరాత్రి నుంచి లెక్కపెడితే పిల్లలు మే మొదటి, రెండో వారాల్లో బయటికి రావాలి. నలభై రోజులు. కాపాడదాం మామా.

అమూల్య

*

ఇటిక్యాల
ఏప్రిల్ 10, గురువారం

బిడ్డా,

నువ్వు చెప్పినట్టే చేసిన. ముందు ఉమేష్‌ను ఈతచెట్ల కాడికి తీస్కపోయి గూడు సూపిచ్చిన. వాడు గూడును చూడలే, నా మొఖం చూసిండు. “నాకెందుకు సూపిస్తున్నవు?” అన్నడు. “నువ్వు ఎట్లైన చూస్తవు, నేనే సూపిస్తే మేలని,” అన్న. అని ఎల్లిపోయిన.

మాపటికి హోటల్ కాడ నీ కాగితం చదివిన. ‘మొ’ వచ్చినప్పుడల్లా నోరు గుండ్రంగ పెట్టి చదివిన. చాయ్ పోసేటాయన గూడ చేతుల గిలాస పట్టుకొని నవ్వుడు వెట్టిండు. ఉమేష్ లేచిండు.

“నెల కింద ముప్పు లేదన్నది. ఇయ్యాల ఉన్నదంటది. రేపేమంటదో నీ కోడలు?”

“తప్పు రాసిన అని ఒప్పుకుంటున్నది గదరా.”

“ఒప్పుకుంటే నా దూడ లేచొస్తదా?”

గప్పుడు మీ అమ్మమ్మ కట్టె పట్టుకొని వచ్చింది. ఎంతసేపటి సంది ఇంటున్నదో తెల్వదు.

“ఓ ఉమేషూ, నీ దూడను యాడ వట్టింది?”

“నీళ్ళ కాడ.”

“గా మడుగు కాడికి ఎందుకు తోలినవు? తేటనీళ్ళు పైన లేవా?”

“ఉన్నయి. తొవ్వ నీ కొడుకు మిరపచేనుల నుంచి ఉన్నది. కంప కొట్టిండు గదా, ఎవ్వడు పోవద్దని.”

అందరు నా దిక్కు చూసిండ్రు. అమూల్యా, దూడను పట్టింది మొసలే గని, దాని నోటికాడికి తోలింది నా కంప. ఇన్నాళ్ళు నాకు తట్టలే. వానికి తట్టింది, చెప్పలే. చెప్తే నేను ఇననని వానికి ఎర్కే.

“ఎండాకాలం పశువులకు తొవ్వ ఇస్త,” అన్న.

“కాగితం మీద రాసిస్తవా?”

“రాసుడు వద్దురా నాయనా, రాసి రాసి గిట్లయింది.”

గప్పుడు నవ్విండు, మొదటిసారి. తెల్లారి ఇద్దరం కల్సి కంప తీసినం, రెండు సాళ్ళు మిరప పీకినం. ఇప్పుడు ఊరి పశువులన్ని పైన నీళ్ళు తాగుతున్నయి.

గద్వాలకు పోయి ఆఫీసుల అంత చెప్పిన. తిట్టిండ్రు, రాయించుకున్నరు. ఒకాయన వచ్చి దూరం నుంచే గూడు చూసి, కుక్కలు రాకుండ కంప పెట్టుమన్నడు, గూడు సుట్టు పెట్టినం. మొదటి గూడు మీద విచారణ ఉంటదంట, పిలిస్తే పోత.

ఉమేష్ దినాం వచ్చి గట్టు మీద కూసుంటుండు. ఎందుకురా అంటే, “నేను విడిచిపెట్టింది ఏందో సక్కగ చూడనియ్యి,” అంటడు.

నిన్న సంధ్య మాట్లాడింది. “ఉప్పు సాలిందా?” అన్నది. గంతే. సాలింది అన్న.

గోవర్ధన్

*

నాగర్‌కర్నూల్
ఏప్రిల్ 23, బుధవారం

మామకు,

పత్రం చదివాను. ఇప్పుడే అయింది. కాలేజీ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను, తేజస్విని మంచినీళ్ళ కోసం వెళ్ళింది.

ముందే చెప్తున్నా, నాకు బహుమతి రాలేదు. నా తప్పుతోనే మొదలుపెట్టాను. ‘నేను రాసిన ఒక వాక్యం వల్ల ఇరవై ఏడు గుడ్లు పోయాయి’ అని. తర్వాత ఈ రెండు నెలల్లో చదివినవన్నీ చెప్పాను. కొన్ని ప్రాణుల్లో పసి జాతులకే ముప్పు ఎక్కువ కనిపించింది, కొన్నిటిలో ముసలి జాతులకు, కొన్నిటిలో వయసుకూ ముప్పుకూ పొత్తే కుదరలేదు. పైగా రాళ్ళలో చదివిన పాతకాలపు చావులు వేరు, ఇవాళ మనుషుల వల్ల వచ్చే ముప్పు వేరు.

ఒక సార్ అడిగారు, “ఇంతకీ నీ నిర్ణయమేమిటమ్మా? ముసలి జాతికి ముప్పు ఎక్కువా, తక్కువా?”

నేను చెప్పాను, “వయసొక్కటే చెప్తే నేను చెప్పలేను సార్. అది ఎంత చోట బతుకుతోందో, ఎన్ని మిగిలాయో, ఒడ్డున ఎవరున్నారో కూడా చెప్పండి.”

ఆయన నా కాగితం మీద ‘నిర్ణయం స్పష్టంగా లేదు’ అని రాశారు. మామా, ఆ మాటకు నేను నొచ్చుకోలేదు. స్పష్టంగా లేని చోట స్పష్టంగా రాస్తే ఏమవుతుందో ఆ హాల్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఈ వారం నేర్చుకున్న మాటలు రెండు: ముప్పు, నష్టం. ఇన్నాళ్ళూ ఒకటే అనుకున్నాను. దగ్గరి చుట్టాలన్నీ పోయి ఒంటరిగా మిగిలిన ముసలి జాతి ఉందనుకో. దానికి ముప్పు ఎక్కువ ఉండాలనేమీ లేదు. కానీ అది పోతే మాత్రం కొమ్మ మొత్తం పోతుంది, మళ్ళీ చిగురించడానికి ఏమీ మిగలదు. ముప్పు ఎంతో వయసు చెప్పలేకపోవచ్చు. నష్టం ఎంతో మాత్రం కొంత చెప్తుంది.

మిరప సాళ్ళ సంగతి మేడమ్‌కు చెప్తే, “మీ మామయ్య పత్రం నీ పత్రం కంటే బాగుంది,” అన్నారు.

నా ఆఖరి పరీక్ష మే 9న. గూటిలోంచి ఏ చప్పుడు వినిపించినా ఆ నిమిషమే కబురు చేయి. పుట్టబోయే పిల్లలు గుడ్డులోంచే పిలుస్తాయట. తల్లి అది విని ఇసుక తవ్వుతుందట.

అమూల్య

*

ఇటిక్యాల
మే 9, శుక్రవారం పొద్దుగాల

బిడ్డా,

ఈ ఉత్తరం మీ అత్త చేతికి ఇచ్చి పంపుతున్న. వార్డెన్ మేడమ్‌కు ఫోన్ చేసిన, ఎత్తలే. మేడమ్ ఒప్పుకుంటే ఉత్తరం పరీక్ష ముందే నీకియ్యమని చెప్పిన. నీ జవాబు తీస్కొని సంధ్య మాపటి బస్సుకు ఎల్లొస్తది.

నిన్న మాపటి సంది గూట్లకెళ్ళి సప్పుడొస్తున్నది. ఇసుక కింద కోడిపిల్లలను గంప కింద కమ్మినట్టున్నది. ఉమేష్ ఇన్నడు ముందు. ఉరికొచ్చి నన్ను గుంజుకపోయిండు, చెప్పులు గూడ ఏసుకోనియ్యలే. ఇద్దరం బోర్ల పండుకొని చెవి పెట్టి ఇన్నం.

తల్లి రాలే. మొన్నటి దాక దినాం ఒడ్డెక్కేది. నిన్న రాలే, ఇయ్యాల రాలే. నడిమిట్ల గాలివాన పడ్డది, పైన ఇసుక గట్టిగైంది. పిల్లలు వాటంతట అవి బయటికి రాలేవనిపిస్తున్నది.

కావలి మాత్రం గట్టిగున్నది. ఊరంత ఒడ్డు మీదనే ఉన్నది. ఉమేష్ ఇంటికే పోతలేడు, తమ్ముళ్ళను గూడ తెచ్చిండు. కుక్కను రానిస్తలేరు, కొంగను వాలనిస్తలేరు. పిల్లలను ఎత్తుకొని అమ్మలు గూడ వస్తున్నరు, చెవి పెట్టి ఇంటందుకు.

ఉమేష్ గడ్డపార తెచ్చిండు. “సస్తయిరా లోపల, తవ్వి తీద్దాం,” అంటుండు. వాని కండ్లల్ల నీళ్ళున్నయి. నేను గడ్డపార చూసిన. “అమూల్యను అడుగుదాం, గప్పటిదాక ముట్టకు,” అన్న. ఫారెస్టాయన రేపు పగటాల్లకు గని రాలేనన్నడు.

ఏం చెయ్యాలె బిడ్డా? ఊకుంటే సస్తయేమో. తవ్వితే సస్తయేమో.

గోవర్ధన్

*

వనపర్తి
మే 9, శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంట

మామా,

పరీక్ష రెండింటికి. అత్త గేటు దగ్గర నిలబడి ఉంది, ఎస్తేరు మేడమ్ నా పక్కనే ఉన్నారు. ఇద్దరం కలిసి చదివాం. తొందరగా రాస్తున్నా, కానీ ప్రతి అక్షరం చూసుకునే రాస్తున్నా.

తవ్వొద్దు. ఒడ్డు ఖాళీ చేయండి.

తల్లి రాకపోవడానికి కారణం మీరే కావచ్చు మామా. అది నీళ్ళలో ఎక్కడో కళ్ళు మాత్రం పైకి పెట్టి చూస్తూ ఉంటుందని మేడమ్ అంటున్నారు. గట్టు మీద ఊరంతా ఉంటే ఎలా వస్తుంది? మనం కాపలా కాసేది కుక్కల నుంచి, కానీ దానికి మనమూ కుక్కలూ ఒకటే. ఇది తప్పకుండా నిజమని నేను చెప్పను, చెప్పలేను. మేడమ్ కూడా ‘ఎక్కువగా అలాగే జరుగుతుంది’ అన్నారంతే. కానీ తవ్వడం కంటే ఇది మేలని ఇద్దరికీ అనిపిస్తోంది. పిల్లలు పిలవడం మొదలుపెట్టాక కొంత సమయం ఉంటుందట.

ఉమేష్ మామకు ఈ నాలుగు మాటలు నువ్వే చదివి వినిపించు: ‘నువ్వు లేకపోతే ఆ గూడు ఇన్నాళ్ళు ఉండేది కాదు. ఇక మిగిలింది ఇంటికి పోవడం. అది కావలి కంటే కష్టమని నాకు తెలుసు. ఈ ఒక్క పూట నా మాట విను.’ కుక్కలను ఊళ్ళోనే కట్టేయించండి. కంపలో నీటి వైపు మాత్రం తల్లి పట్టేంత దారి తీసి, వెనక్కి చూడకుండా వచ్చేయండి.

వార్డెన్ మేడమ్ రేపటి నుంచి సెలవు రాసిచ్చారు. పొద్దున ఐదున్నర బస్సుకు ఎక్కుతాను. పెబ్బేరులో దిగి కర్నూలు వైపు బస్సు పట్టుకుంటే ఏడు, ఏడుంపావుకు ఎర్రవల్లి చౌరస్తాలో ఉంటాను. నువ్వు బండి తీసుకుని రా. ఊరి బయటే బండి ఆపేసి మిరపచేను గట్టు దాకా నడిచిపోదాం. అక్కడి నుంచి ఈతచెట్లు కనిపిస్తాయి, మనం దానికి కనిపించం. ఉమేష్ మామ కూడా వస్తానంటే రమ్మను, కానీ చేతుల్లో ఏమీ ఉండకూడదు. మధ్యాహ్నం దాకా తల్లి రాకపోతే అప్పుడు ఆ అటవీ శాఖాయన చేతులతోనే పై ఇసుక తీస్తాడు. మేడమ్ ఆయనతో ఫోన్‌లో మాట్లాడుతున్నారు.

అప్పటిదాకా, లోపలి నుంచి ఎంత పిలిచినా, మన ముగ్గురిలో ఎవరమూ గట్టు దిగొద్దు.

అమూల్య